నూట పద్దెనిమిదో పూస

మా ఇంట్లో ఎవరూ ఏ వస్తువునూ తిన్నగా ముట్టుకోరు. మా ఆయన ముకుంద్ బీరువా తలుపు మోచేత్తో తెరుస్తాడు. మాతోనే ఉంటున్న నాన్న నా గది గుమ్మం దాటి లోపలికి రాడు. కళ్ళజోడు నా బల్ల మీద మర్చిపోతే గుమ్మంలోనే నిలబడి, "అమ్మడూ, ఆ కళ్ళజోడు ఇటియ్యవా" అంటాడు. ఈ ఘనతంతా నాదే. స్పర్శికను కనిపెట్టింది నేనే.

యంత్రం పూర్తయిన కొత్తలో దాన్ని దేనిమీద పరీక్షిద్దామా అని చూసి, నా చేతి బంగారు గాజు తీసి అందులో పెట్టాను. ఆరు గంటల తర్వాత చీటీ బయటికొచ్చింది. పైపొర నాది. దాని కిందిదీ నాదే. మూడోది మాత్రం పదకొండు రోజుల నాటిది, నాకు ఏ చుట్టరికమూ లేని ఒక ఆడమనిషిది. మా ఇంట్లో అలాంటి ఆడమనిషి అంటే పనిచేసే సాయమ్మ ఒక్కతే. నా గాజుతో నీకేం పని అని నిలదీశాను. తడబడింది. తడబడ్డవాళ్ళు తప్పు చేసినవాళ్ళేనని నా నమ్మకం. ఆ పూటే మాన్పించేశాను.

నెల తర్వాత ముకుంద్ నసుగుతూ చెప్పాడు. ఆ రోజు గాజు స్నానాలగది తూము పక్కన పడి ఉంటే సాయమ్మే తీసి, కడిగి, అద్దం ముందు పెట్టిందట. తను కళ్ళారా చూశాడట.

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"నీ చేతిలో చీటీ ఉంది కదా! ఇంక మనిషి మాటెందుకులే అనుకున్నాను" అన్నాడు.

ఆ తర్వాత నుంచే అతను మోచేత్తో తలుపులు తెరవడం మొదలుపెట్టాడు. మొదట్లో వేళాకోళానికే చేశాడు. తర్వాత అలవాటైపోయింది.

స్పర్శిక చేసేది చిన్న పనే. చెయ్యి తగిలిన ప్రతిసారీ లోహం మీద చెమట, నూనె, చర్మపు పొడి కలిసి ఒక పొర అంటుకుంటుంది. తుడిచినా, కడిగినా లోహపు రేణువుల మధ్య కాస్త మిగిలిపోతుంది. గోడకి ఏటేటా వేసిన సున్నంలాగా ఒకదాని మీద ఒకటి పేరుకుంటుంది. స్పర్శిక ఆ పొరలను పైనుంచి కిందికి చదువుతుంది. ఎన్నేళ్ళ నాటిది, ఆడా మగా, పిల్లలా పెద్దలా అన్నీ చెబుతుంది. యంత్రం నడిపేవాళ్ళ చెయ్యి లెక్కలో కలవకుండా ముందుగా వాళ్ళ నమూనా ఇచ్చి ఉంచాలి. దాంతో పోల్చి చూస్తుంది కాబట్టి, ముట్టుకున్నవాళ్ళు నడిపేవాళ్ళకి రక్తసంబంధీకులైతే ఆ ముక్క కూడా చీటీ మీద రాసిపెడుతుంది. ఇది ఒకరోజు నా పీకల మీదికి వస్తుందని నాకు తట్టలేదు.

*

అసలు అనుమానం మా ఇంటికి కొత్త కాదు. మాది మచిలీపట్నం పక్కన చిలకలపూడి. ఊరి పేరు చెప్పగానే జనం గిల్టు నగలంటారు. నాన్న లక్కోజు సుందరాచారి మాత్రం ఆ ఊళ్ళో మేలిమి బంగారం పని చేసిన కొద్దిమందిలో ఒకడు. రవ్వపనిలో, అంటే ఆవగింజలో పావు వంతుండే బంగారు రవ్వల్ని నగ మీద వరసగా అతికించడంలో, ఆయన్ని మించినవాడు లేడనేవారు. అయినా నగ చేయించుకోవడానికి వచ్చిన ప్రతి ఆసామీ ఆయన వేళ్ళ వంకే చూస్తూ కూర్చునేవాడు. అందుకని నాన్నకి ఒక పద్ధతి ఉండేది. తాత దగ్గర నేర్చుకున్నాడట. నగ తిరిగి ఇచ్చాక, ఇత్తడి పళ్ళెం మీద రెండు చేతులూ దులిపి, వేళ్ళు బార్లా విప్పి, అరచేతులు అటూ ఇటూ తిప్పి చూపించేవాడు. ఎవరూ అడగకుండానే చూపించేవాడు. నా చిన్నప్పుడు అది చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. ఎందుకంత తగ్గడం అనిపించేది.

ఇరవై నాలుగేళ్ళ క్రితం ఈజిప్టు కొండల్లో ఒక రాజకుమార్తె సమాధి దొరికింది. నీళ్ళ కుండ పెట్టుకోవడానికి కూలీ ఒకడు ఇసక తవ్వితే కింద మెట్టు తగిలిందట. మెట్ల చివర దొంగలు ముట్టని గదులున్నాయి. లోపల మెరిత్‌నూబ్ అనే పిల్ల, ఆమెతో పాటు ఆమె బంగారం ఉన్నాయి. మూడు వేల మూడు వందల ఏళ్ళలో నగల దారాలన్నీ చివికిపోయాయి. రవ్వపని తెలిసిన పనివాళ్ళు కావాలని దేశదేశాలకూ కబురు పెడితే, మన దేశం నుంచి వెళ్ళిన నలుగురిలో నాన్న ఒకడు. ఒక్క ముక్క ఇంగ్లీషు రాని మనిషి ఎనిమిది నెలలు ఎడారిలో గుడారంలో ఉండి వచ్చాడు.

వచ్చిన సాయంత్రం మాకు ఆ గదుల గురించి చెప్పాడు. బంగారు చెప్పుల జత, సింహం కాళ్ళున్న మంచం, నిప్పుకోడి ఈకల విసనకర్ర, తేనె జాడీలు. "ఒక కుర్చీ ఉందే అమ్మడూ, దంతంతో చేసింది. ఎంత ఉందనుకున్నావ్? మన ఈశ్వరి కూర్చునేంత" అన్నాడు. అమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయింది. నాన్న మళ్ళీ ఎప్పుడూ ఆ సమాధి మాట ఎత్తలేదు.

ఈశ్వరి నా చెల్లెలు. ఎనిమిదేళ్ళకే మెదడువాపు జ్వరంతో పోయింది. దాని మొదటి పుట్టినరోజుకి నాన్న పన్నెండు బంగారు పూసలు చేసి దారానికి గుచ్చిన గొలుసు అమ్మ దగ్గరే ఉండేది. ఏడాదికోసారి, ఈశ్వరి పోయిన రోజున, తీసి ఒళ్ళో పెట్టుకుని ఒక్కొక్క పూసా నిమిరి మళ్ళీ దాచేది. నాన్న ఈజిప్టులో ఉన్న ఏడాది తీసి చూస్తే పూసలు పదకొండే ఉన్నాయి.

నాన్న తిరిగొచ్చాక అమ్మ ఒకే ఒక్కసారి అడిగింది. "పిల్ల పూస ఏమైంది?"

నాన్న తలవంచుకుని ఊరుకున్నాడు. అమ్మ ఇంకేం అడగలేదు. ఆసామీలు అనుకునేదే అనుకుంది. కంసాలి కన్నకూతురి బంగారం కూడా వదల్లేదని. ఆ గొలుసు పట్టుకెళ్ళి మా మేనమామ ఇంట్లో పెట్టింది. తను చనిపోయే ముందు నన్ను పిలిచి, "అది ఇంక నీది. మీ నాన్న చేతికి మాత్రం ఇవ్వకు" అంది. ఆ మాట మీదే నేను ఇన్నాళ్ళూ నిలబడ్డాను. నాన్నని బాగానే చూసుకున్నాను, వేళకి మందులు, మెత్తటి పరుపు, ఏ లోటూ లేదు. కానీ గొలుసు ఉన్న బీరువా తాళంచెవి మాత్రం నా నడుముకే ఉండేది.

*

ఈజిప్టు నుంచి ఒక పెట్టె మా ల్యాబ్‌కి వచ్చిన రోజున దాని వెంట డాక్టర్ నివీన్ వచ్చింది. ఆ దేశపు పురావస్తు అధికారి. యాభై దాటిన పొట్టి మనిషి, సన్నటి గొంతు. ఎవరినీ నమ్మదని చూడగానే తెలిసిపోయింది. నేనూ అదే జాతి కదా.

పెట్టెలో ఉన్నది మెరిత్‌నూబ్ కంఠాభరణం. నాన్న మాటల్లో అయితే పట్టెడ. రెండు కొసలా డేగ తలలు, మధ్యలో అయిదు వరసల్లో మూడు వందల పన్నెండు బంగారు పూసలు.

మా డైరెక్టర్ అనంతశయనం గారు పేరుకు తగ్గ నిదానస్తుడు. ఆయన ముందు నివీన్ సంగతి విడమరిచి చెప్పింది. సమాధి కప్పు నుంచి రాయి పడి నూట పద్దెనిమిదో పూస నలిగిపోయింది. ఆ చోట మైనంతో పూస చేసి పెట్టమని అప్పట్లో ఆదేశం. పెట్టినట్టు దస్త్రాల్లో ఉంది. ఈ మధ్య కొత్త ప్రదర్శన కోసం అద్దం తీసి చూస్తే ఆ చోట మైనం లేదు. బంగారం ఉంది.

"అంటే ఇది అసలుది కాదు" అంది నివీన్. "ఎవరో నకలు చేసి, అసలుది మాయం చేశారు. నకలు చేసినవాడికి మైనం సంగతి గుర్తులేదు, లేదా లెక్కచేయలేదు. అన్నీ బంగారంతోనే పోసేశాడు."

"బంగారం పాతదో కొత్తదో పరీక్ష చేసి తేల్చలేదా అండీ?" అన్నారు శయనం గారు.

"పాత బంగారం కరిగించి పోస్తే పరీక్ష పాతదనే చెబుతుంది. కరిగిస్తే పోయేది చేతి గుర్తులొక్కటే. అందుకే మీ యంత్రం దగ్గరికి వచ్చాం." కాగితాల కట్ట తిరగేసింది. "దీన్ని చివరిసారి గుచ్చింది ఒక భారతీయుడు. పేరు సుందర్ అని ఉంది. మా కూలీలు ఉస్తా సుందర్ అని పిలిచేవారట, ఉస్తా అంటే మేస్త్రి. గిల్టు నగలకు పేరుపడ్డ ఊరివాడని ఈ మధ్యే తెలిసింది. బతికుంటే పట్టుకుంటాం."

ఆ సుందర్ మా నాన్నేనని నేను నోరు విప్పలేదు. చెబితే ఈ పరీక్ష నా చేతికి రాదు. స్పర్శికకి ఇంతకంటే పెద్ద పరీక్ష మళ్ళీ దొరకదు. ఇదొక కారణం. రెండోది చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఆయన తీశాడో లేదో అందరికంటే ముందు నేను తెలుసుకోవాలనుకున్నాను.

నూట పద్దెనిమిదో పూసను ఉదయం యంత్రంలో అమర్చాం. మధ్యాహ్నం చీటీ వచ్చింది. నేను అందుకునేలోపే శయనం గారు చింపి చేతిలోకి తీసుకున్నారు. పెద్దాయన పైకి చదవడం మొదలుపెట్టారు.

"పైపొర, ఇరవై నాలుగేళ్ళు. పురుషుడు. యంత్రం నడిపేవారి..." ఆగిపోయారు. కళ్ళజోడు సవరించుకున్నారు. "తండ్రి."

ఆయన చదువుతూనే పోయారు. దాని కింద ఎనిమిది నెలల పాటు అదే చెయ్యి. దాని కింద నడిపేవారి తల్లి, ఏడాదికొకసారి చొప్పున పద్నాలుగుసార్లు. ఆ కింద ఎనిమిదేళ్ళలోపు ఆడపిల్ల, నడిపేవారి తోబుట్టువు, లెక్కకందనన్ని పొరలు. అన్నిటికంటే అడుగున నలభై అయిదేళ్ళ నాటిది, మళ్ళీ తండ్రిదే.

"కాళికగారూ, ఏమిటిది? మీ నమూనా అంతా దీంట్లో కలిసిపోయిందా? మూడు వేల ఏళ్ళ నగ మీద మీ ఇంటిల్లిపాదీ ఉన్నారేమిటండీ?" శయనం గారి గొంతులో కోపం లేదు, భయం ఉంది. ల్యాబ్ పరువు ఆ చీటీ మీదే వేలాడుతోంది.

యంత్రం తప్పని ఒక్క మాట అంటే అక్కడితో సరిపోయేది. నాన్న గట్టెక్కేవాడు, యంత్రం మునిగేది. కానీ నివీన్ నా మొహమే చూస్తోంది. నాకు ఆ పూస ఏమిటో అప్పటికే తెలిసిపోయింది. ఈశ్వరికి ఒక అలవాటు ఉండేది. ఏ ఆలోచనలో ఉన్నా మెడలో గొలుసు పట్టుకుని ఒక పూసని వేళ్ళతో తిప్పుతూ, నోట్లో పెట్టుకుంటూ ఉండేది. అమ్మ చెయ్యి మీద కొట్టేది. లెక్కకందనన్ని పొరలు అవే.

"యంత్రం సరిగ్గానే ఉంది సార్" అన్నాను. "ఆ సుందర్ మా నాన్న."

అంతా చెప్పాను. గొలుసు, పదకొండు పూసలు, అమ్మ అనుమానం, ఏదీ దాచలేదు. చెబుతున్నకొద్దీ అమ్మ అనుమానమే నిజమని నాకే గట్టిపడింది. నకలు పోస్తుంటే ఒక పూస తక్కువై ఉంటుంది. మొలతాడుకో ఎక్కడికో కట్టుకెళ్ళిన పిల్ల పూస తెచ్చి ఆ లోటు పూడ్చి ఉంటాడు. మిగిలిన మూడు వందల పదకొండూ ఇంకెక్కడివో.

నివీన్ కాగితాలు సర్దుకుంది. "రేపు ఉదయం పక్కనున్న నూట పదిహేడో పూస పెడతాం. అందులో కూడా పాత చేతులు లేకపోతే మధ్యాహ్నానికి మా వాళ్ళకి కబురు వెళ్తుంది. ఈలోగా మీ నాన్నగారి నమూనా కావాలి. తీసుకొచ్చి అప్పగించే బాధ్యత మీది" అంది.

"ఆయనకి డెబ్భై ఎనిమిదేళ్ళు" అన్నాను.

"మెరిత్‌నూబ్‌కి ఎనిమిదేళ్ళు" అంది.

*

సాయంత్రం నాలుగింటికే ఇంటికి వెళ్ళాను. నాన్న బాల్కనీలో పేపరు చదువుకుంటున్నాడు. నేను చెయ్యాల్సింది ఎదురుగా కూర్చుని అడగడం. అది చేతకాలేదు. మెరుగుపెట్టిన కొత్త స్టీలు గ్లాసు వేడినీళ్ళతో కడిగి, గుడ్డతో పట్టుకుని అందులో టీ పోసి తెచ్చాను. తాగాక ఆ గ్లాసు ల్యాబ్‌కి పట్టుకెళ్తే చాలు, నమూనా వచ్చేస్తుంది.

నాన్న గ్లాసు వంక చూశాడు. నేను పట్టుకున్న గుడ్డ వంక చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి గ్లాసుకి చుట్టి, ఎత్తి గొంతులో పోసుకున్నాడు. పెదవి కూడా ఆనించలేదు.

"వేడిగా ఉందా నాన్నా?"

"చల్లారిపోయిందే." గ్లాసు కింద పెట్టాడు. "నా చెయ్యి కావాలంటే అడగొచ్చుగా అమ్మడూ. గ్లాసుతో పనేంటి?"

నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సిగ్గుపడాల్సిన చోట నాకు కోపం వస్తుంది. అది నా జబ్బు.

"సరే, అడుగుతున్నా. ఆ సమాధిలోంచి ఏం తీశావు?"

"నేనేం తియ్యలా."

"పట్టెడలో మన ఈశ్వరి పూస ఎందుకుంది మరి?"

ఆయన చేతిలోని పేపరు కింద పడింది. "ఆ పట్టెడ వచ్చిందా ఇక్కడికి? నువ్వు చూశావా? నన్ను తీసికెళ్ళవే. ఒక్కసారి చూడాల."

"ఎందుకు?"

"చూడాల" అన్నాడు మళ్ళీ.

ఎందుకు చూడాలంటున్నాడు? చూసి ఏం చేస్తాడు? ఏదన్నా మార్చేస్తాడా? వంట చేస్తున్నంతసేపూ అదే తిరిగింది నా బుర్రలో. ముకుంద్ మోచేత్తో ఫ్రిజ్ తలుపు తెరిచి, "ఆయన్ని అడిగావా, నిలదీశావా?" అన్నాడు.

*

మర్నాడు పదకొండింటికి నాన్న ఉతికిన పంచె, తెల్ల చొక్కా వేసుకుని ల్యాబ్‌కి వచ్చాడు. నూట పదిహేడో పూస యంత్రంలో ఉంది. చీటీ రావడానికి ఇంకా గంట పడుతుంది. నివీన్ ఇద్దరు గార్డులని తలుపు దగ్గర నిలబెట్టింది. శయనం గారు నాన్నకి కుర్చీ చూపించారు. ఆయన కూర్చోలేదు. తిన్నగా అద్దం పెట్టె దగ్గరికి వెళ్ళి వంగాడు. పెదాలు కదులుతున్నాయి. వరసలు లెక్కపెడుతున్నాడు.

నేను ఆయన చేతుల వంకే చూస్తున్నాను. నివీన్ కూడా అదే చూస్తోంది. చిన్నప్పుడు మా అరుగు మీద కూర్చుని ఆసామీలు చూసినట్టే చూస్తున్నానని నాకే తెలిసింది. అయినా చూపు తిప్పుకోలేదు.

"ఒకటి లేదు!" నాన్న ఉలిక్కిపడ్డాడు. నిటారుగా నిలబడి మా అందరి వంకా చూశాడు. ఆ చూపు నాకు కొత్త. ఆయన మమ్మల్ని అనుమానిస్తున్నాడు. "పక్కది ఏది? మూడో వరసలో నేను పెట్టినదాని పక్కది ఏమైంది? ఎవరు తీశారు?"

"యంత్రంలో ఉంది నాన్నా. నీది ఉంది చూడు, తిరిగి పెట్టేశాం."

మళ్ళీ వంగి చూశాడు. ఈసారి చాలాసేపు చూశాడు. "ఉంది" అన్నాడు. "ఉందే అమ్మడూ. నేను ఇన్నాళ్ళూ ఎవరన్నా పీకేశారేమోనని ఎంత భయపడ్డానో తెలుసా? పరాయి సొమ్ముకి కాపలా ఉండే వాళ్ళని నమ్మలేం. మైనం కాదని తెలిస్తే ఎవడో ఒకడు కొట్టేసి ఉంటాడనుకున్నా."

నేనది నివీన్‌కి ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ నోరు కొద్దిగా తెరుచుకుంది. ఇరవై నాలుగేళ్ళుగా తమ మీద కూడా ఒకడికి అనుమానం ఉందన్న సంగతి ఆవిడకి తట్టలేదు.

"ఎందుకు పెట్టారో అడగండి" అంది.

నాన్న నా వైపు చూసే చెప్పాడు. "సముద్రం దాటి పోవటం అదే మొదలు. మన ఈశ్వరిని వదిలి వెళ్ళబుద్ధి కాలేదు. మీ అమ్మ చూడకుండా ఒక పూస తెంపి మొలతాడుకి కట్టుకున్నా. తిరిగొచ్చి మళ్ళీ గుచ్చేద్దామనే. అక్కడ శవపెట్టె మూత తీసినప్పుడు నేనున్నాగా. చుట్టిన గుడ్డల్లో ఆ పిల్ల ఇంతే ఉంది." చేత్తో నడుము పైకి చూపించాడు. "మన పిల్లంతే. పట్టెడ గుచ్చి ఇచ్చెయ్యమన్నారు. నలిగిన చోట మైనం పెట్టమన్నారు. చిన్నపిల్ల మెడలోకి మైనప్పూస ఎట్టా పెట్టేది? లొసుగున్న నగ నేను ఎవరి చేతికీ ఇవ్వలా. రెండు రోజులు చూశా. మూడో రోజు మొలతాడు విప్పా. కరిగిస్తే మన పిల్ల చెయ్యి పోద్దని నిప్పు కూడా చూపించకుండా ఉన్నది ఉన్నట్టే గుచ్చా."

"నలిగిపోయిన పూస ఏమైంది?" నివీన్ వెంటనే అడిగింది. ఆవిడ ఇంకా నమ్మలేదు.

"నాకెందుకది? తెల్లగుడ్డలో పొట్లం కట్టి ఆ పిల్ల పెట్టెలోనే దిండు కింద పెట్టా. మీవాళ్ళని చూసుకోమనండి."

నివీన్ తన జాబితా తిరగేసింది. ఒక పుట దగ్గర ఆగింది. దిండు కింద పొట్లంలో నలిగిన బంగారు తునక, ఎక్కడిదో తెలియదు అని అందులో ఉంది. పక్కన ఫొటో కూడా ఉంది. ఇరవై నాలుగేళ్ళుగా ఎక్కడిదో తెలియదనే ఉంది.

నాకు మాత్రం ఇంకొకటి కావాలి. "అమ్మ అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? నీ బిడ్డ పూస తీసుకెళ్ళి శవం మెడలో వేశానని చెప్పమంటావా? అమ్మ తట్టుకునేదా? దొంగననుకోవటమే నయం. అది మనకి అలవాటేగా."

ఆయన ఆ మాట మామూలుగానే అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. అందరి ముందూ, గార్డుల ముందూ ఏడ్చాను.

నాన్న దగ్గరికొచ్చాడు. "నువ్వు కూడా అట్టాగే అనుకున్నావా అమ్మడూ? ఇన్నాళ్ళూ?"

అబద్ధం చెప్పొచ్చు. "అనుకున్నాను నాన్నా" అన్నాను.

ఆయన తలూపాడు. తిట్టినా బాగుండేది.

పన్నెండింటికి చీటీ వచ్చింది. ఈసారి నివీన్ తీసుకుంది. నూట పదిహేడో పూస మీద పైన నాన్న చెయ్యి పల్చగా ఉంది. దాని కింద ఏమీ లేదు, మూడు వేల మూడు వందల ఏళ్ళ దాకా ఏ చెయ్యీ లేదు. ఆ తర్వాత ఒక ఆడమనిషి చెయ్యి, అన్నిటికంటే అడుగున పూస చేసినవాడిది. ఆ రెంటికీ నడుమ ఎనిమిదేళ్ళలోపు ఆడపిల్లవి, లెక్కకందనన్ని పొరలు. ఆ పిల్లకి కూడా పూసలు తిప్పుకునే అలవాటుందన్నమాట. అదీ ఎవరో ఒకరి చేత చెయ్యి మీద దెబ్బలు తినే ఉంటుంది.

పట్టెడ అసలుదే. అందులో అనుమానం లేదు. శయనం గారు కుర్చీలో కూలబడి మంచినీళ్ళు తాగారు.

"నిబంధన ప్రకారం బయటి పూస తీసెయ్యాలి" అంది నివీన్. అని చాలాసేపు అద్దంలోకి చూసింది. "లేదా తర్వాతి కాలపు మరమ్మతు అని రాసి ఉంచెయ్యొచ్చు. మీ కుటుంబానిది కాబట్టి మీరు చెప్పండి."

నేను నాన్నని అడిగాను. ఆయన నన్నడిగాడు. "గొలుసు నీ దగ్గరుందిగా. నువ్వే ఆ మాట చెప్పాల్సింది."

గొలుసు నా దగ్గరుందని ఆయనకి తెలుసన్న సంగతి నాకప్పటిదాకా తెలియదు.

"ఉంచెయ్యండి" అన్నాను.

మరమ్మతు చేసినవారి పేరు, వస్తువు ఎవరిదో ఆ పేరు కావాలంది నివీన్. నాన్న చెప్పాడు. మా ఇంట్లో గోడలకి కూడా వినిపించకుండా దాచుకున్న ఈశ్వరి పేరు ఆవిడ తన లిపిలో రాసుకుని, సరిగ్గా ఉందా అని రెండుసార్లు పలికింది. తర్వాత నాన్నని నమూనా ఇమ్మంది. ఆయన బంగారు రేకు మీద బొటనవేలు ఆనించి తీసి, చేతులు దులుపుకుని, అరచేతులు తిప్పి ఆవిడకి చూపించాడు. ఎందుకలా చూపిస్తున్నాడో ఆవిడకి అర్థం కాలేదు. నేను చెప్పలేదు.

*

ఇంటికొచ్చేసరికి రెండయింది. సాయమ్మ ఎక్కడుంటోందో కనుక్కోమని ముకుంద్‌కి చెప్పి నా గదిలోకి వెళ్ళాను. నడుముకున్న తాళంచెవి తీసి బీరువా తెరిచాను. పట్టుగుడ్డలో ఉన్న గొలుసు తీసుకుని బాల్కనీలోకి వచ్చాను.

అమ్మ మాట మొదటిసారి దాటుతున్నాను. నాన్న చెయ్యి తీసుకుని అందులో గొలుసు పెట్టాను.

ఆయన అరచేతిలో అలాగే పెట్టుకుని బరువు చూసుకున్నాడు. తర్వాత ఒక్కొక్క పూసా వేలితో జరుపుతూ లెక్కపెట్టాడు. పదకొండు. తెంపిన చోట అమ్మ వేసిన ముడి ఉంది. ఆ ముడి మీద బొటనవేలు కాసేపు ఆగింది.

"పదకొండు ఇక్కడ, ఒకటి అక్కడ" అన్నాడు. "సరిపోయింది."

పంచె కొసతో పూసలన్నీ తుడిచి, పట్టుగుడ్డలో జాగ్రత్తగా చుట్టి నా చేతికి తిరిగి ఇచ్చేశాడు. ఇచ్చి, అలవాటుగా రెండు చేతులూ దులుపుకున్నాడు. వేళ్ళు బార్లా విప్పి, అరచేతులు అటూ ఇటూ తిప్పి నాకు చూపించాడు.

నేను ఆ రెండు చేతులూ పట్టుకుని, గొలుసు మళ్ళీ అందులోనే పెట్టి, గుప్పిట మూసేశాను.